కుక్కర్ విజిళ్ల లెక్క తప్పుతోందా?
ఎం.ఎస్‌. ఉన్నవారి జ్ఞాపకశక్తి, ఏకాగ్రత: పాఠకుల ప్రశ్నలు, నిపుణుల జవాబులు

మెదడు, వెన్నుపాముల్లోని నరాల పై పొర దెబ్బతినే జబ్బు మల్టిపుల్ స్క్లెరోసిస్ (ఎం.ఎస్‌.) అనగానే కాళ్లు పట్టేయడం, చూపు మసకబారడం గుర్తొస్తాయి. ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం మాత్రం మతిమరుపు, పరధ్యానం, ఆలోచన మందగించడం గురించే. మెదడు పనితీరును పరీక్షించే న్యూరోసైకాలజీ, రోజువారీ పనులు చేసుకోవడం నేర్పే ఆక్యుపేషనల్ థెరపీ తెలిసినవారు కలిసి వీటికి జవాబులు రాశారు.

ప్రశ్న: నా వయసు 34. సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో పనిచేస్తాను. ఆరేళ్ల కిందట ఎం.ఎస్‌. అని తేలింది. నడక బాగానే ఉంది, ఎంఆర్‌ఐలో కొత్త మచ్చలు లేవన్నారు. కానీ మీటింగులో ముగ్గురు వరసగా మాట్లాడితే మొదటివాళ్లు ఏమన్నారో జారిపోతోంది. ఎనిమిది నెలలుగా రోజూ సుడోకు, ఫోన్‌లో బ్రెయిన్ గేమ్స్ ఆడుతున్నాను. గేమ్ స్కోరు మూడింతలైంది. ఆఫీసులో మార్పేమీ లేదు. ఎక్కడ పొరపాటు చేస్తున్నాను?
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: ఎనిమిది నెలల్లో మీరు సుడోకులో దిట్ట అయ్యారు. మీకు కావలసింది మీటింగులో మాట అందుకోవడం. ఒకటి సాధన చేస్తే రెండోది దానంతటదే రాదు. ఈ రంగంలో అందరికీ ఎదురయ్యే చిక్కు ఇదే.

ముందు మీ ఇబ్బంది ఏమిటో చూద్దాం. ఎం.ఎస్‌. ఉన్నవారిలో దాదాపు 40 నుంచి 65 శాతం మందికి ఏదో ఒక మేరకు ఆలోచనకు సంబంధించిన ఇబ్బంది ఉంటుంది. నడక బాగున్నవారికీ రావచ్చు, జబ్బు మొదట్లోనే రావచ్చు. పదసంపద, లోకజ్ఞానం, చదివిన చదువు చాలావరకు చెక్కుచెదరవు. దెబ్బతినేది ముఖ్యంగా వేగం. నరాల తీగల మీది మయలిన్ పొర పోయిన చోట సంకేతం గట్టు తెగిన పంటకాలువలో నీళ్లలా నడుస్తుంది. చేరుతుంది గానీ ఆలస్యంగా, సన్నగా చేరుతుంది. ఎంఆర్‌ఐలో తెల్లగా కనిపించే మచ్చలే దీనికి పూర్తి కారణం కావు. మెదడు నడిమధ్య కూడలిలా ఉండే థలామస్ కుంచించుకుపోవడానికీ ఆలోచన మందగించడానికీ గట్టి సంబంధం ఉంది. మామూలు రిపోర్టులో ఆ కొలత రాయరు. కాబట్టి 'కొత్త మచ్చలు లేవు' అన్న మాట పట్టుకుని 'అంతా మీ భ్రమ' అనడానికి లేదు.

మీటింగులో మొదటి వ్యక్తి మాటను మీరు లోపల సర్దుకునేలోపే రెండో వ్యక్తి మొదలుపెడతాడు. మొదటి మాట మరిచిపోయారని మీరు అనుకుంటున్నారు. నిజానికి అది లోపలికి పూర్తిగా వెళ్లనే లేదు. ఈ తేడా తెలియకపోతే జ్ఞాపకశక్తి గేముల మీద నెలలు గడిచిపోతాయి.

అందుకని మొదట పరీక్ష. ఎం.ఎస్‌.కు ఎక్కువగా వాడేది ఎస్‌డీఎంటీ. కాగితం మీద తొమ్మిది గుర్తులు, ఒక్కోదానికి ఒక అంకె. కింద వరసల్లో గుర్తులు మాత్రమే ఉంటాయి, వాటికి తగిన అంకెలు చెప్పుకుంటూ పోవాలి. సమయం 90 సెకన్లు. సరిగ్గా ఎన్ని చెప్పారన్నదే స్కోరు. ఏడాదికోసారి చేయించుకుంటే మంచిది. ముందటి స్కోరు కంటే నాలుగో అంతకు మించో తగ్గితే నిపుణులు దాన్ని లెక్కలోకి తీసుకుంటారు. దీనికి ఒక పదాల పట్టిక పరీక్ష, ఒక బొమ్మల పరీక్ష కలిపితే బైకామ్స్ అంటారు. మొత్తం పావుగంట పని. ఒక హెచ్చరిక: ఈ పరీక్షను ఇంటర్నెట్‌లో వెతికి ఇంట్లో సాధన చేయకండి. స్కోరు పెరుగుతుంది, కానీ ఆ తర్వాత ఆ పరీక్ష మీ విషయంలో ఎందుకూ కొరగాదు. డిమెన్షియా కోసం వాడే ఎంఎంఎస్‌ఈలో 30కి 29 వచ్చిందని ధీమా పడటమూ పొరపాటే. మందగింపు దానికి చిక్కదు.

ఇక శిక్షణ. కంప్యూటర్ శిక్షణ దండగ అని మేం అనడం లేదు. అమెరికాలో 135 మంది ఎం.ఎస్‌. రోగులతో చేసి 2017లో ప్రచురించిన అధ్యయనంలో కొందరికి బ్రెయిన్‌హెచ్‌క్యూ అనే కంప్యూటర్ ప్రోగ్రాం ఆధారంగా తయారుచేసిన శిక్షణ ఇచ్చారు, మిగతావారికి మామూలు కంప్యూటర్ ఆటలు ఇచ్చారు. రోజుకు గంట, వారానికి 5 రోజులు, 12 వారాలు, అంతా ఇంటి దగ్గరే. ఆటల వాళ్లు సగటున 57 గంటలు కూర్చున్నారు, శిక్షణ వాళ్లు 38 గంటలే. అయినా పరీక్షల్లో ఎక్కువ మెరుగుపడింది శిక్షణ వాళ్లే. అంటే ఎంతసేపు కూర్చున్నామన్న దానికంటే ఏం చేశామన్నది ముఖ్యం. ఆ శిక్షణలో కష్టం మన స్థాయిని బట్టి ప్రతిసారీ మారుతుంది. తప్పులు పెరిగితే వేగం తగ్గిస్తుంది, సరిగ్గా చేస్తే పెంచుతుంది. సుడోకులో ఆ సర్దుబాటు లేదు, వేగంతో పనీ లేదు. గంటసేపు ఆలోచించినా అడిగేవాళ్లుండరు.

మీరు చేయవలసింది ఇలా ఉంటుంది. రోజుకు 25–30 నిమిషాలు, వారానికి 5 రోజులు, 12 వారాలు. గంట చేయగలిగితే రెండు ముక్కలు చేసుకోండి. ఆఫీసు అయ్యాక రాత్రి తొమ్మిదింటికి వద్దు, పొద్దున కాఫీ తాగాక. ఫోన్ నోటిఫికేషన్లు ఆపేయండి. పదింట్లో సుమారు ఎనిమిది సరైనవి వచ్చే స్థాయి మంచిది. పదికి పది వస్తున్నాయంటే సులువైపోయింది, ఐదే వస్తున్నాయంటే ఊహతో నొక్కుతున్నారు. వేగం, ఏకాగ్రత వ్యాయామాలే ముందు. ఇష్టమైన ఆట ఒక్కటే పట్టుకుని మిగతావి వదిలేయడం, మూడో వారంలో స్కోరు ఆగిపోయిందని మానేయడం చాలామంది చేసే తప్పులు. స్కోరు మధ్యలో నిలిచిపోవడం మామూలే.

మొదలుపెట్టే ముందు రెండు వారాలు ఒక చిన్న లెక్క రాసుకోండి: మీటింగులో 'మళ్లీ చెప్తారా?' అని ఎన్నిసార్లు అడిగారు, తర్వాత ఎంతమందికి మెసేజ్ పెట్టి కనుక్కున్నారు. ఆరో వారంలో, పన్నెండో వారంలో మళ్లీ రాయండి. ఫలితం చెప్పేది ఆ లెక్క. యాప్‌లో వచ్చే నక్షత్రాలు చెప్పవు.

శిక్షణ ఎంత బాగా సాగినా సగం పని మీటింగు పద్ధతి మార్చుకోవడంలోనే ఉంది. మా దృష్టిలో ఆ సగమే పెద్దది. మాట్లాడబోయే అంశాల జాబితా ముందు రోజే తెప్పించుకుని ఒక్కోదాని కింద నాలుగు గీతల ఖాళీ వదలండి. మొదటి అంశం అవ్వగానే 'ఒక్క నిమిషం, రాసుకుంటున్నా. అంటే ఈ బగ్ గురువారానికి అంతేగా?' అని మీ మాటల్లో తిరిగి చెప్పండి. దీనివల్ల మీకు పది సెకన్లు దొరుకుతాయి, విన్నది గట్టిపడుతుంది, ఎదుటివాళ్లకు మీరు జాగ్రత్తపరులుగా కనిపిస్తారు. వింటూ ల్యాప్‌టాప్‌లో మెయిల్ చూడటం మాత్రం మానేయాలి. వేగం తగ్గిన మెదడు మొదట చేతులెత్తేసేది రెండు పనుల దగ్గరే.

ప్రశ్న: మా ఆవిడ ప్రభుత్వ పాఠశాలలో టీచరు. పాఠం బాగా చెబుతుంది గానీ ఉదయం నేను చెప్పిన పనులు సాయంత్రానికి గుర్తుండవు. చిన్న చిన్న పనులకే 'నువ్వు చెప్పనే లేదు' అంటుంది. ఇద్దరికీ మాటామాటా వస్తోంది. జ్ఞాపకానికి ఏదైనా పద్ధతి ఉందా?
– ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: ఉంది, దానికి మంచి ఆధారమూ ఉంది. అమెరికాలో న్యూజెర్సీలోని కెస్లర్ ఫౌండేషన్ పరిశోధకులు 86 మంది ఎం.ఎస్‌. రోగులతో చేసి 2013లో ప్రచురించిన అధ్యయనం అది. వారానికి రెండు చొప్పున ఐదు వారాల్లో 10 సెషన్లు. మొదటి నాలుగింట్లో విన్నదాన్ని కళ్లముందు బొమ్మ కట్టడం నేర్పుతారు. తర్వాతి నాలుగింట్లో ఒకదానికొకటి సంబంధం లేని మాటలను కథగా అల్లడం. చివరి రెండింట్లో దాన్ని సొంత ఇంటి పనులకు వాడటం. కొత్త విషయం నేర్చుకునే శక్తి మెరుగుపడింది, ఆ మేలు ఆరు నెలల తర్వాత కూడా నిలిచింది.

ఎలా చేస్తారో ఒక ఉదాహరణ. సాయంత్రం చేయాల్సినవి: గ్యాస్ బుక్ చేయడం, టైలర్ దగ్గర జాకెట్టు తేవడం, కరెంటు బిల్లు, పచ్చడికి మామిడికాయలు, బ్యాంకులో పాసుబుక్ ఎంట్రీ. వీటిని పదిసార్లు వల్లెవేస్తే సాయంత్రానికి రెండు మిగులుతాయి. కళ్లు మూసుకుని ఇలా చూడమనండి: టైలరు కుట్టుమిషన్ ముందు ఎర్ర గ్యాస్ బండ ఒకటి దర్జాగా కూర్చుని జాకెట్టు కుడుతోంది. సూదిలో దారం బదులు కరెంటు బిల్లు చుట్టలు చుట్టలుగా దిగుతోంది. బండ మధ్యమధ్యలో మామిడికాయ కొరుకుతుంటే పులుపుకి దాని కన్ను మూసుకుపోతోంది. చేతికంటిన రసం పాసుబుక్కుకి తుడుచుకుంటోంది.

ఎంత వింతగా ఉంటే అంత మంచిది. రంగు, శబ్దం, రుచి ఉండాలి. ముఖ్యమైన విషయం, బొమ్మ ఆవిడే కట్టాలి. మీరు కట్టి ఇస్తే సగం బలం పోతుంది. తాను పుట్టించుకున్నది నిలిచినట్టు ఒకరు చెప్పింది నిలవదు. మొదట్లో ఒక్క బొమ్మకు రెండు మూడు నిమిషాలు పడుతుంది, విసుగొస్తుంది. రెండు మాటలతో మొదలుపెట్టి ఒక్కో వారం ఒక్కో మాట పెంచండి. పది మాటలు దాటనక్కర్లేదు. అన్ని ఎక్కువ పనులుంటే కాగితం మేలు.

రెండో మెట్టు, చదవడం కంటే అడిగి రాబట్టడం. చీటీని పదేపదే చూసుకోవడం వల్ల నేర్చుకున్నట్టు అనిపిస్తుంది, అంతే. చీటీ మూసి గుర్తుచేసుకోవడమే పని చేస్తుంది. ఎం.ఎస్‌. ఉన్నవారి మీద చేసిన ప్రయోగాల్లోనూ ఇదే తేలింది. వెంటనే ఒకసారి, 5 నిమిషాలకు ఒకసారి, 20 నిమిషాలకు, గంటకు, రాత్రి పడుకునే ముందు, మర్నాడు పొద్దున. మధ్యలో తప్పితే ఊహించనివ్వకండి. సరైన జవాబు వెంటనే చెప్పి, అంతకుముందు సరిగ్గా చెప్పిన వ్యవధికి వెనక్కి వెళ్లండి. తప్పు జవాబు ఒకటి రెండుసార్లు నోటితో పలికితే అదే పాతుకుపోతుంది.

ఇక మాటామాటా సంగతి. 'నిన్నే చెప్పానుగా!' అన్న మాట మీ ఇంట్లోంచి తీసేయండి. టీవీ నడుస్తుండగా, ఆవిడ బడికి బయల్దేరుతూ గుమ్మం దాటుతుండగా చెప్పింది చెప్పినట్టు కాదు. ఎదురుగా నిలబడి, ఒకసారికి ఒకే విషయం చెప్పి, తిరిగి చెప్పమనండి. టీచరు గారికి పిల్లల చేత తిరిగి చెప్పించే అలవాటు ఎలాగూ ఉంది, ఈసారి తాను చెప్పాలి. ఫ్రిజ్ తలుపు మీద ఒకే ఒక పలక పెట్టండి, ఇంటి పనులన్నీ దానిమీదే. డైరీ ఒకచోట, ఫోన్‌లో కొన్ని, క్యాలెండర్ మీద కొన్ని ఉంటే ఏది ఎక్కడ రాశామో గుర్తుంచుకోవడమే కొత్త పరీక్ష అవుతుంది.

ఎంత ఆశించాలో కూడా చెప్పాలి. బ్రిటన్‌లో 449 మందిని తీసుకుని, వారిలో ఒక భాగానికి బృందాలుగా వారానికొకటి చొప్పున 10 సెషన్లు ఇచ్చి, మిగతావారితో పోల్చి చూశారు. ఆరు నెలలకు రోజువారీ మరుపుల గురించిన ఫిర్యాదులు కొంత తగ్గాయి. ఏడాది తర్వాత మాత్రం జబ్బు వల్ల కలిగే మానసిక బాధలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. కాబట్టి పాత జ్ఞాపకశక్తి తిరిగొస్తుందనుకోవద్దు. సాయంత్రం ఐదు పనుల్లో నాలుగు అవుతాయి.

ప్రశ్న: మా అమ్మకు 58. ఏడో తరగతి చదివింది, కంప్యూటర్ రాదు, ఇంగ్లీషు రాదు. ఎం.ఎస్‌. వచ్చి పదిహేనేళ్లయింది. వంటలో తప్పులు వస్తున్నాయి. కుక్కర్ ఎన్ని విజిళ్లు వచ్చిందో తెలియదు, పప్పు మాడుతోంది, ఒకసారి స్టవ్ ఆపడం మరిచింది. ఇలాంటివారికి కూడా శిక్షణ ఉంటుందా?
– ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: ఉంటుంది. మీ అమ్మగారికి స్క్రీన్ అక్కర్లేదు, వంటిల్లే సరిపోతుంది.

విజిళ్లు లెక్కపెట్టడం చిన్న పనిలా కనిపిస్తుంది. ఒక అంకెను మనసులో పట్టుకోవాలి, పక్కన కూర తరగాలి, పిలిచినవాళ్లకు బదులు చెప్పాలి, అంతలో మరో విజిల్ వస్తే ఆ అంకెను మార్చాలి. ఎం.ఎస్‌.లో ముందుగా సడలేది సరిగ్గా ఈ పట్టే. దాన్ని బలవంతంగా పెంచే బదులు అంకెను బుర్రలోంచి తీసి చేతికివ్వండి. స్టవ్ పక్కన రెండు గిన్నెలు, ఒకదాంట్లో నాలుగు చింతగింజలు. విజిల్ వచ్చిన ప్రతిసారీ ఒక గింజ రెండో గిన్నెలోకి. మొదటి గిన్నె ఖాళీ అయితే స్టవ్ ఆపాలి. కబుర్లు చెప్పినా, ఫోన్ మోగినా లెక్క గిన్నెలో భద్రంగా ఉంటుంది.

అయితే గింజ వేయడం కూడా మరిచిపోయే పనే, అది అలవాటు కావాలి. మొదటి వారం మీరు పక్కన నిలబడి, విజిల్ రాగానే మాట్లాడకుండా గిన్నె వైపు వేలు చూపండి. రెండో వారం విజిల్ వచ్చాక మూడు సెకన్లు ఆగి, ఆవిడ కదలకపోతేనే చూపండి. మూడో వారం వంటింటి గుమ్మం దగ్గర నిలబడండి. నాలుగో వారం వంటయ్యాక గిన్నె చూడటమే. సాయాన్ని ఇలా కొంచెం కొంచెంగా వెనక్కి తీసుకోవాలి. రెండో రోజే 'ఇక నువ్వే చేసుకో' అని వదిలేస్తే తప్పులు అలవాటవుతాయి.

స్టవ్ విషయంలో మాత్రం ఏ శిక్షణనూ నమ్ముకోవద్దు. అది ప్రాణాల సంగతి. టైమర్ పెట్టి దానంతటదే ఆగిపోయే ఇండక్షన్ స్టవ్, లేదా ఎలక్ట్రిక్ రైస్ కుక్కర్ కొనండి. కాయగూరలు స్టవ్ వెలిగించక ముందే తరిగిపెట్టుకోవాలి. స్టవ్ మీద ఏదైనా ఉన్నంతసేపు వంటిల్లు దాటకూడదన్నది ఇంటి నియమం కావాలి.

సాంబారులాంటి పెద్ద వంటకు మెట్లు పెద్ద అక్షరాలతో అట్టమీద రాసి గోడకు తగిలించండి, ఒక మెట్టుకు ఒకే పని. ఎక్కడున్నారో తెలియడానికి బట్టల క్లిప్పు ఒకటి అట్ట అంచున పెట్టి, పని అవ్వగానే కిందికి జరపాలి. మధ్యలో ఎవరైనా పిలిచినా తిరిగొచ్చి క్లిప్పు చూసుకుంటే చాలు. చూపు మసకగా ఉంటే నల్ల అక్షరాలు, పసుపు అట్ట. నడుస్తూ మాట్లాడటం కూడా రెండు పనులే. మాట మొదలవగానే అడుగు తడబడుతుంటే, వేడి గిన్నె పట్టుకుని నడిచేటప్పుడు ఎవరూ పలకరించకండి.

పరీక్ష గురించి ఒక మాట. ఇందాక చెప్పిన ఎస్‌డీఎంటీలో గుర్తులే ఉంటాయి కాబట్టి ఇంగ్లీషు రానక్కర్లేదు, అంకెలు తెలుగులో చెప్పవచ్చు. చేయి వణుకుతుంటే రాయకుండా నోటితో చెప్పే పద్ధతే అడగండి. లేకపోతే చేతి ఇబ్బంది మెదడు ఇబ్బందిలా నమోదవుతుంది. ఏడో తరగతి చదివినవారి స్కోరును డిగ్రీ చదివినవారితో పోల్చకూడదు. వయసు, చదువు చూసి లెక్కకట్టారా అని అడగడం మీ హక్కు. పరీక్ష చేసేవారు రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో నమోదైన క్లినికల్ సైకాలజిస్టు అయి ఉండాలి. బెంగళూరులోని నిమ్‌హాన్స్‌లో ఈ పరీక్షలు, శిక్షణ రెండూ ఉన్నాయి. మల్టిపుల్ స్క్లెరోసిస్ సొసైటీ ఆఫ్ ఇండియాకు హైదరాబాద్‌లో శాఖ ఉంది, దగ్గరలో ఎవరున్నారో అక్కడ అడగవచ్చు.

ప్రశ్న: ఏప్రిల్ వచ్చిందంటే మధ్యాహ్నం బుర్ర పనిచేయదు. సాయంత్రం చల్లబడితే మళ్లీ మామూలే. జబ్బు ముదురుతోందా?
– ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: చల్లబడగానే సర్దుకుంటోందంటే ముదరడం కాదు. ఒంటి వేడి అర డిగ్రీ పెరిగినా మయలిన్ పోయిన నరంలో సంకేతం ఇంకా తడబడుతుంది. వ్యాయామం చేశాక చూపు మసకబారడాన్ని 1890లో జర్మన్ వైద్యుడు ఊట్‌హాఫ్ గమనించి రాశాడు. ఆలోచనకూ అదే వర్తిస్తుంది. ఎండాకాలం లెక్కలు, బ్యాంకు పనులు, శిక్షణ అన్నీ ఉదయం తొమ్మిదిలోపు పెట్టుకోండి. పనికి కూర్చునే ముందు పావుగంట చల్లని తడి తువ్వాలు మెడచుట్టూ వేసుకోండి, చల్లటి నీళ్లు తాగండి. పరీక్ష చేయించుకునేదీ ప్రతి ఏడాదీ ఒకే కాలంలో, ఒకే పూట అయితే మంచిది. జనవరి ఉదయం స్కోరును మే మధ్యాహ్నం స్కోరుతో పోల్చి కంగారుపడేవాళ్లున్నారు.

ప్రశ్న: జ్ఞాపకశక్తి మాత్రలు వాడవచ్చా? గింకో అనే చెట్టు ఆకుల మందు మంచిదంటున్నారు. అల్జీమర్స్‌కు ఇచ్చే డొనెపెజిల్ మా బంధువొకరు తెచ్చిచ్చారు.
– ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: ఆ మాత్రలు తిరిగి ఇచ్చేయండి. డొనెపెజిల్‌ను ఎం.ఎస్‌. ఉన్నవారికి ఇచ్చి చూసిన 2011 నాటి అధ్యయనంలో ఉత్తుత్తి మాత్ర కంటే మేలు కనిపించలేదు. గింకో 120 మి.గ్రా. చొప్పున రోజుకు రెండుసార్లు ఇచ్చిన 2012 అధ్యయనంలోనూ అంతే.

కొత్త మాత్ర వెతికే ముందు, ఇప్పుడు మింగుతున్నవి బల్లమీద పరచండి. మూత్రం ఆగకపోతే ఇచ్చే ఆక్సిబ్యుటినిన్‌లాంటివి జ్ఞాపకాన్ని మందగింపజేస్తాయి. మిరాబెగ్రాన్‌కు ఆ పేచీ లేదు, మార్చవచ్చేమో డాక్టర్‌ని అడగండి. నిద్రకో ఆందోళనకో ఇచ్చిన క్లోనజెపామ్, కండరాల బిగువుకు ఇచ్చే బాక్లోఫెన్ మత్తు కలిగిస్తాయి. బాక్లోఫెన్ సొంతంగా హఠాత్తుగా మానేస్తే ఫిట్స్ రావచ్చు, జాగ్రత్త. తర్వాత బి12, థైరాయిడ్ పరీక్షలు, నిద్రలో గురక, ఊపిరి ఆగడం. వీటన్నిటికంటే ముందు మనసు దిగులు. ఎం.ఎస్‌.లో డిప్రెషన్ చాలా మామూలు, అదీ మతిమరుపులాగే కనిపిస్తుంది. చికిత్సకు లొంగే వీటిని వదిలేసి శిక్షణ మొదలుపెడితే డబ్బూ కాలమూ వృథా.

ప్రశ్న: వ్యాయామం, మెదడు శిక్షణ కలిపి చేస్తే రెట్టింపు ఫలితమట, నిజమేనా?
– ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: అలాగే ఉంటుందని చాలామంది అనుకున్నారు. క్రమంగా ముదిరే రకం ఎం.ఎస్‌. ఉన్న 311 మందితో, ఆరు దేశాల్లోని 11 కేంద్రాల్లో, వారానికి రెండుసార్లు 12 వారాలు చేయించి చూశారు. 2023లో ఫలితం వచ్చింది. కలిపి చేసినవారికి ఆలోచనా వేగంలో ప్రత్యేక లాభం కనిపించలేదు. వ్యాయామం ఒంటికి, నిద్రకు, మనసుకు మంచిది, మానకండి. మెదడు రెట్టింపవుతుందని ఫీజు వసూలుచేసే ప్యాకేజీకి మాత్రం కట్టకండి.

ప్రశ్న: ప్రభుత్వ ఆఫీసులో సీనియర్ అసిస్టెంటుని. ఫైళ్లలో తప్పులు పోతున్నాయి. జబ్బు గురించి చెబితే ఉద్యోగానికి ముప్పా?
– పేరు వద్దన్న పాఠకుడు

జవాబు: 2016 వికలాంగుల హక్కుల చట్టంలోని 21 వైకల్యాల్లో మల్టిపుల్ స్క్లెరోసిస్ పేరు ఉంది. ఉద్యోగంలో ఉండగా వైకల్యం వచ్చిందని ప్రభుత్వ సంస్థ ఉద్యోగిని తీసేయకూడదు, హోదా తగ్గించకూడదు అని 20వ సెక్షన్ చెబుతోంది. ఆ పోస్టుకు తగకపోతే అదే జీతంతో వేరే పోస్టు ఇవ్వాలి. చాలా ప్రయోజనాలకు 40 శాతం వైకల్య ధ్రువీకరణ కావాలి. సదరం శిబిరానికి వెళ్లేటప్పుడు కాళ్లూ చేతులే చూస్తారనుకుని ఎంఆర్‌ఐ ఒక్కటే పట్టుకెళ్లకండి. న్యూరోసైకాలజీ పరీక్షల రిపోర్టు కూడా జతచేయండి.

ఆఫీసులో అడగాల్సినవి ఖర్చులేనివే. పని నోటిమాటగా కాకుండా చీటీ మీద ఇవ్వాలి. సీటు కౌంటరుకు దూరంగా, వీలైతే గోడవైపు ఉండాలి. అంకెలున్న ఫైళ్లు ఉదయం పూట. మీ వైపు నుంచి: ఒక ఫైలు ముగించాకే రెండోది తెరవండి. 25 నిమిషాల పనికి 5 నిమిషాల విరామం. మొత్తాలు వేసిన వెంటనే సరిచూసుకోవద్దు, మరో పని చేసి వచ్చి కింది నుంచి పైకి కూడండి. అదే వరసలో మళ్లీ కూడితే కన్ను అదే తప్పును మళ్లీ దాటేస్తుంది.

ప్రశ్న: మా చెల్లి శిక్షణలో బాగానే చేస్తోంది. నాలుగు రోజుల నుంచి హఠాత్తుగా అన్నీ తప్పులే. మాట వెతుక్కుంటోంది. ఇంకా ఎక్కువసేపు చేయించాలా?
– ఒక పాఠకురాలు, కర్నూలు

జవాబు: వద్దు, ఆపండి. నెలల మీద నెమ్మదిగా తగ్గడం వేరు, నాలుగు రోజుల్లో పడిపోవడం వేరు. ముందు జ్వరం చూడండి, మూత్ర పరీక్ష చేయించండి. మూత్రంలో ఇన్ఫెక్షన్ చేరితే ఎం.ఎస్‌. ఉన్నవారికి మంట తెలియకపోయినా బుర్ర మసకబారుతుంది. అది తగ్గితే ఇదీ తగ్గుతుంది. ఇన్ఫెక్షన్ లేకపోతే రిలాప్స్, అంటే జబ్బు మళ్లీ విజృంభించడం, కావచ్చు. చేయి, కాలు, చూపు బాగానే ఉండి ఆలోచన ఒక్కటే దెబ్బతినే రిలాప్స్ కూడా ఉంటుంది. ఇంటి దగ్గర మిగిలిన స్టెరాయిడ్ మాత్రలు వేయకుండా, ఈ రోజే న్యూరాలజిస్టుకు ఫోన్ చేయండి. వెళ్లేటప్పుడు శిక్షణ స్కోర్ల పుస్తకం తీసుకెళ్లండి. ఏ తారీఖు నుంచి తేడా వచ్చిందో అందులో ఉంటుంది. మాట తడబడటంతో పాటు మూతి వంకరపోయినా, ఒక పక్క చేయి పడిపోయినా ఫోన్లతో ఆలస్యం చేయకుండా 108కి కబురు చేయండి.